కవ్వం ఆగితే కల్లోలమే!

రియాక్టర్ల భద్రతలో ఎజిటేటర్లదే కీలక పాత్ర
సెవెసో నుంచి విశాఖ వరకు ఒకే గుణపాఠం
నక్కపల్లి పార్కు పూర్తయ్యేలోగా మేల్కొనాల్సిన తరుణం

అనకాపల్లి: బెల్లం వండే పెనం దగ్గర తెడ్డు ఆగితే ఏమవుతుందో ఈ జిల్లా రైతుకు ఒకరు చెప్పనవసరం లేదు. అడుగున పాకం మాడుతుంది, పైన పలుచగానే ఉండిపోతుంది, చివరకు వంట మొత్తం పాడవుతుంది. అదే జిల్లాలో, ఆ చెరకు తోటలకు ఎంతో దూరం లేని పరవాడ, అచ్యుతాపురం ప్రాంతాల్లో వేల లీటర్ల రసాయనాలు నిత్యం ఉక్కు పాత్రల్లో మరుగుతున్నాయి. అక్కడ తెడ్డు ఆగితే నష్టం ఒక్క వంటతో పోదు. షెడ్డులోని కార్మికుల ప్రాణాలు, ప్రహరీకి ఆవల ఉన్న పల్లెల క్షేమం ప్రమాదంలో పడతాయి.

రసాయన, ఔషధ కర్మాగారాల్లో ఈ తెడ్డు పని చేసే యంత్రాన్ని ఎజిటేటర్ అంటారు. కార్మికులు వాడుకలో స్టిరర్ అని కూడా పిలుస్తారు. రియాక్టర్ పేలినప్పుడు పత్రికల్లో రియాక్టర్ పేరు వస్తుంది, రసాయనం పేరు వస్తుంది, యాజమాన్యం పేరు వస్తుంది. ఆ పాత్రలోని ద్రవాన్ని అనుక్షణం కదిలిస్తూ ఉండవలసిన యంత్రం గురించిన ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. బాయిలర్లకు 1923లోనే దేశంలో ప్రత్యేక చట్టం వచ్చింది. 2025లో దాని స్థానంలో కొత్త చట్టం చేశారు. పీడన పాత్రలకు నిర్ణీత వ్యవధిలో పరీక్షలున్నాయి. ఎజిటేటర్‌కు మాత్రం అటువంటి ప్రత్యేక చట్టం ఏదీ లేదు. దాని బాగోగులు పూర్తిగా యాజమాన్యాల విజ్ఞతకే మిగిలిపోయాయి.

ఈ విషయం ఇప్పుడు చర్చకు రావడానికి కారణం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022లో దేశంలో మూడు బల్క్‌డ్రగ్ పార్కులకు ఆమోదం తెలపగా, వాటిలో ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు దక్కింది. జిల్లాలోని నక్కపల్లిలో సుమారు 2 వేల ఎకరాల్లో నెలకొల్పే ఈ పార్కుకు 2025 జనవరి 8న ప్రధానమంత్రి విశాఖపట్నంలో శంకుస్థాపన చేశారు. బల్క్‌డ్రగ్ అంటే మాత్రలో ఉండే అసలు మందు. అది తయారయ్యేది ఎజిటేటర్ బిగించిన రియాక్టర్లలోనే. అంటే రానున్న సంవత్సరాల్లో జిల్లాలో ఇటువంటి పాత్రల సంఖ్య గణనీయంగా పెరగనుంది.

కలపడమే కదా అనుకుంటే..

పెరుగు చిలికే కవ్వానికీ ఎజిటేటర్‌కూ మూలసూత్రం ఒక్కటే. రియాక్టర్ మూత మీద మోటారు, దాని వేగాన్ని తగ్గించే గేర్‌బాక్స్, అక్కడి నుంచి పాత్ర లోపలికి దిగే పొడవాటి ఇరుసు, ఇరుసు చివర రెక్కలు ఉంటాయి. ఇరుసు మూతలోంచి లోపలికి వెళ్లే చోట ఆవిరి బయటకు రాకుండా మెకానికల్ సీల్ బిగిస్తారు. పాత రకం పాత్రల్లో దాని స్థానంలో గ్లాండ్ ప్యాకింగ్ ఉంటుంది.

రెక్కలన్నీ ఒక్క తీరున ఉండవు. నీటిలా పలుచగా ఉండే ద్రావణాలకు ఓడ పంకాను పోలిన ప్రొపెల్లర్ లేదా వాలు రెక్కల టర్బయిన్ సరిపోతుంది. వాయువును ద్రవంలోకి చిన్న చిన్న బుడగలుగా విడగొట్టాలంటే పళ్లెం చుట్టూ నిలువు రెక్కలున్న టర్బయిన్ కావాలి. జిగురుగా, చిక్కగా ఉండే పదార్థానికి పాత్ర గోడను దాదాపు ఒరుసుకుంటూ తిరిగే లంగరు ఆకారపు రెక్క అవసరం. ఒక ఉత్పత్తికి సరిపోయిన రెక్క మరో ఉత్పత్తికి పనికిరాకపోవచ్చు. ఉత్పత్తి మారినా పాత రెక్కతోనే నెట్టుకొస్తే ముప్పును కొనితెచ్చుకున్నట్లే.

ఇందులో సామాన్యుని దృష్టికి రాని మరో అంగం బ్యాఫిల్. పాత్ర లోపలి గోడ వెంబడి నిలువుగా నిలబెట్టే పలకలివి. సాధారణంగా నాలుగు ఉంటాయి. ఒక్కొక్కటి పాత్ర వ్యాసంలో పదో వంతు నుంచి పన్నెండో వంతు వరకు వెడల్పు ఉంటుంది. ఇవి లేకపోతే ద్రవం మొత్తం రెక్కతోపాటే గిరగిరా తిరుగుతుంది, మధ్యలో సుడిగుండం ఏర్పడుతుంది. చూసేవారికి ఉద్ధృతంగా కలుస్తున్నట్లే కనిపిస్తుంది. వాస్తవానికి పైనున్నది పైన, కిందనున్నది కింద అలాగే తిరుగుతుంటాయి. తిరగడం వేరు, కలవడం వేరు. రసాయన కర్మాగారంలో అనేక అనర్థాలకు మూలం ఈ తేడాను గుర్తించకపోవడమే.

సీసాలో సాధ్యమైంది ట్యాంకులో కాదు

ప్రయోగశాలలో ఒక లీటరు గాజు పాత్రలో ప్రశాంతంగా జరిగిన చర్య, కర్మాగారంలో వేయి లీటర్ల రియాక్టర్‌లో అదుపు తప్పడం అసాధారణమేమీ కాదు. దీని వెనుక ఉన్న లెక్క బడిపిల్లలకూ తెలిసినదే. పాత్ర పొడవు, వెడల్పులు పది రెట్లు పెరిగితే గోడ వైశాల్యం వంద రెట్లు పెరుగుతుంది. లోపల పట్టే ద్రవం మాత్రం వేయి రెట్లు పెరుగుతుంది. చర్యలో పుట్టే వేడి ద్రవం పరిమాణాన్ని బట్టి ఉంటుంది. ఆ వేడి బయటకు పోవలసిన దారి గోడే. అంటే ఒక్కో లీటరుకు దక్కే గోడ పదో వంతుకు పడిపోతుంది. వేడి పుడుతున్న వేగం తగ్గదు, అది పోయే మార్గం ఇరుకవుతుంది.

ఈ లోటును పూడ్చేది ఎజిటేటరే. మధ్యలో ఉన్న వేడి ద్రవాన్ని చల్లని గోడ వద్దకు చేర్చడం, గోడ వద్ద చల్లబడినదాన్ని తిరిగి మధ్యలోకి తేవడం దాని ప్రధాన విధి. అది మందగిస్తే జాకెట్‌లో ఎంత చల్లని నీరు పారించినా ప్రయోజనం అంతంతమాత్రమే.

కొరతను తీర్చడానికి వేగం పెంచితే సరిపోదా అన్న ప్రశ్న సహజం. ఇక్కడా ఒక చిక్కుంది. పలుచని ద్రవంలో రెక్క వేగాన్ని రెట్టింపు చేస్తే కావలసిన విద్యుచ్ఛక్తి ఎనిమిది రెట్లవుతుంది. వేగం అలాగే ఉంచి రెక్క వ్యాసాన్ని రెట్టింపు చేస్తే 32 రెట్లవుతుంది. పాత మోటారు, పాత గేర్‌బాక్స్, పాత ఇరుసు ఆ భారాన్ని తట్టుకోలేవు. అందుచేతనే ఎజిటేటర్ ఎంపిక అన్నది కొటేషన్లలో తక్కువ ధరను చూసి తేల్చే వ్యవహారం కాదు. ద్రవం సాంద్రత, చిక్కదనం, చర్యలో పుట్టే వేడి, పాత్ర ఆకారం అన్నింటినీ లెక్కగట్టి చేయవలసిన ఇంజినీరింగ్ నిర్ణయం.

ఆగినప్పుడు కాదు.. మళ్లీ తిప్పినప్పుడు

ఎజిటేటర్ ఆగిపోవడం ప్రమాదకరం. ఆగిన దాన్ని ఆలోచన లేకుండా మళ్లీ తిప్పడం అంతకంటే ప్రమాదకరం. వేడిని వెలువరించే అనేక చర్యల్లో ఒక రసాయనాన్ని ముందుగా పాత్రలో పోసి, రెండోదాన్ని చుక్కచుక్కగా కలుపుతారు. కలిసింది కలిసినట్లే చర్యలో ఖర్చయిపోతుంటే వేడి ఎప్పటికప్పుడు బయటకు పోతుంది.

ఈ దశలో కరెంటు పోయిందనుకుందాం. ఎజిటేటర్ ఆగింది, చుక్కల ధార మాత్రం ఆగలేదు. రెండో రసాయనం బరువైనదైతే అడుగుకు చేరుతుంది, తేలికైనదైతే పైన తేరుకుంటుంది. చర్య దాదాపు నిలిచిపోవడంతో ఉష్ణోగ్రత కూడా పెరగదు. గదిలోని మీటర్ చూసిన ఆపరేటర్‌కు అంతా సవ్యంగానే తోస్తుంది. కరెంటు వచ్చి మోటారు స్విచ్ వేసిన మరుక్షణం పేరుకున్నదంతా ఒక్కసారిగా కలుస్తుంది. గంటల వ్యవధిలో వెలువడాల్సిన వేడి నిమిషాల్లో పుడుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే చర్య వేగం సుమారు రెట్టింపవుతుందన్నది రసాయనశాస్త్రంలో స్థూలంగా అంగీకరించిన సూత్రం. వేడి వల్ల వేగం, వేగం వల్ల మరింత వేడి.. ఈ విషవలయాన్నే అదుపుతప్పిన చర్య అంటారు. ఆ దశకు చేరాక మూత మీది బోల్టులు, పైపులు ఏవీ నిలవవు.

దీనికి విరుగుడు కొత్తదేమీ కాదు. ఎజిటేటర్ ఆగిన తక్షణం రెండో రసాయనం వచ్చే వాల్వు తనంతట తానే మూసుకునేలా ఇంటర్‌లాక్ అమర్చడం ప్రపంచమంతటా తెలిసిన పద్ధతి. సమస్యల్లా ఉత్పత్తికి అడ్డొస్తోందని ఆ ఇంటర్‌లాక్‌ను తప్పించి పనిచేయించే ధోరణితోనే.

సెవెసో నేర్పిన పాఠం

కలపడం ఆగినందువల్ల ఒక ప్రాంతం తలరాతే మారిపోయిన సందర్భం ఇటలీలో ఉంది. మిలాన్ నగరానికి ఉత్తరాన ఉన్న మేదా పట్టణంలోని ఇక్మెసా కర్మాగారంలో 1976 జులై 10 శనివారం ఉదయం ట్రైక్లోరోఫినాల్ తయారీని మధ్యలోనే నిలిపివేశారు. వారాంతపు సెలవు కావడంతో పాత్రను వేడి చేయడం ఆపారు, కొద్ది నిమిషాలకే ఎజిటేటర్‌నూ ఆపారు. కార్మికులు ఇళ్లకు వెళ్లిపోయారు.

ద్రవం ఉష్ణోగ్రత అప్పటికి ప్రమాదస్థాయికి చాలా దిగువనే ఉంది. అయితే ద్రవమట్టానికి పైనున్న ఉక్కు గోడ, ఆవిరి కారణంగా అంతకంటే ఎంతో ఎక్కువగా కాగి ఉంది. కలియబెట్టే రెక్క నిలిచిపోవడంతో ఆ గోడ వేడి ద్రవం పైపొరకు మాత్రమే సోకింది. అడుగునున్న ద్రవం చల్లగానే ఉండగా పైపొరలో చర్య రాజుకుంది. ఆరేడు గంటల తర్వాత మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక రప్చర్ డిస్క్ పగిలి డయాక్సిన్ కలిసిన విషమేఘం పొరుగునున్న సెవెసో పట్టణాన్ని కమ్ముకుంది. పిల్లలు తీవ్రమైన చర్మవ్యాధికి గురయ్యారు. వేలాది పశువులు మరణించడమో, విషం ఆహారంలోకి చేరకుండా వధకు గురికావడమో జరిగింది. ప్రజలు ఇళ్లు వదలి వెళ్లవలసి వచ్చింది.

ఈ ఉదంతం తర్వాతే 1982లో ఐరోపా దేశాలు ప్రమాదకర పరిశ్రమలపై ఉమ్మడి నిబంధనలు తెచ్చాయి. వాటిని నేటికీ సెవెసో నిబంధనలనే పిలుస్తున్నారు. ఎజిటేటర్‌ను మరికొంతసేపు తిప్పి ఉంటే ఆ పైపొర వేడి పాత్ర మొత్తానికీ పంచుకుపోయేది. ఒక స్విచ్ ముందుగా ఆపినందుకు ఒక పట్టణం పేరు దుర్ఘటనకు పర్యాయపదమైంది.

విశాఖలోనూ అదే తీరు

సెవెసో జరిగిన 44 ఏళ్లకు విశాఖపట్నంలో దాదాపు అదే సూత్రం మరో రూపంలో పునరావృతమైంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు బలిగొన్న ఘటన ప్రజలింకా మరువలేదు. అది రియాక్టర్ కాదు, కేవలం నిల్వ ట్యాంకు. నిల్వ ఉంచిన ద్రవాన్ని కలపవలసిన అవసరమేముందన్న భావన ఎంత ప్రమాదకరమో ఆ ట్యాంకు చాటింది.

స్టైరీన్ మామూలు ఉష్ణోగ్రతలోనే నెమ్మదిగా తనలో తాను గొలుసుకట్టి పాలిమర్‌గా మారుతుంటుంది. ఆ క్రమంలో వేడి వెలువడుతుంది. దీన్ని నిరోధించడానికి టీబీసీ అనే రసాయనాన్ని స్వల్ప మోతాదులో కలుపుతారు. ఆ నిరోధకం పనిచేయాలంటే ద్రవంలో కొంత ఆక్సిజన్ కరిగి ఉండాలి. చల్లదనం, నిరోధకం, ఆక్సిజన్.. ఈ మూడూ ట్యాంకులో ప్రతి మూలకూ అందాలంటే ద్రవం కదులుతూ ఉండాలి. ఈ తరహా ట్యాంకుల్లో రెక్కకు బదులు పంపు ద్వారా ద్రవాన్ని బయటకు తీసి, శీతల యంత్రంలోంచి పంపి, తిరిగి ట్యాంకులోకి వదులుతూ కలుపుతారు.

రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ 2020 జులైలో సమర్పించిన నివేదిక ఈ అంశాలను విపులంగా చర్చించింది. ప్రమాదానికి మూలమైన ఎం6 ట్యాంకు గొట్టాల అమరికలో 2019 డిసెంబరులో చేసిన మార్పు వల్ల ద్రవం ట్యాంకు అంతటా తిరిగే తీరు దెబ్బతిన్నదని అది పేర్కొంది. ఉష్ణోగ్రత కొలిచే పరికరం అడుగుభాగంలోనే ఉండడంతో పైపొరల్లో పెరుగుతున్న వేడి సిబ్బంది దృష్టికి రాలేదు. శీతల యంత్రాన్ని 24 గంటలూ నడపలేదు. కర్మాగారంలో టీబీసీ నిల్వలు కూడా లేవు. లాక్‌డౌన్ కారణంగా వారాల తరబడి ట్యాంకు నిండుగా, దాదాపు నిశ్చలంగా ఉండిపోయింది. అడుగున చల్లని ద్రవం, పైన వేడెక్కుతున్న ద్రవం పొరలుపొరలుగా విడిపోయాయి. మీటర్ అబద్ధం చెప్పలేదు. అది ఉన్న చోటి నిజాన్ని మాత్రమే చెప్పింది.

సెవెసోలో పైపొర వేడెక్కింది, విశాఖలోనూ పైపొరే వేడెక్కింది. రెండు చోట్లా ద్రవం కదలికే రక్షణకవచమన్న స్పృహ కొరవడింది.

ఇక్కడ ఒక వివరణ అవసరం. ఇటీవలి ప్రమాదాలన్నింటికీ ఎజిటేటర్లనే బాధ్యం చేయడం సరికాదు. 2022 ఏప్రిల్ 13 రాత్రి ఏలూరు జిల్లా అక్కిరెడ్డిగూడెంలో ఆరుగురు మృతిచెందిన ప్రమాదం, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ద్రావణి ఆవిరి అంటుకొని 17 మంది బలైన ప్రమాదం, 2025 జూన్ 30న తెలంగాణలోని పాశమైలారంలో 40 మందికి పైగా ప్రాణాలు కోల్పోయిన పేలుడు.. దేని నేపథ్యం దానిదే. అయితే పరికరాల స్థితిగతులను, వాటి వెనుకనున్న శాస్త్రాన్ని ప్రమాదానికి ముందు కాక తర్వాతనే పరిశీలించడం అన్నింటా పరిపాటిగా మారింది.

తిరుగుతోందన్న భ్రమ

కర్మాగారంలో ఎజిటేటర్ తిరుగుతోందని ఎలా తెలుస్తుంది? మోటారు శబ్దం వినిపిస్తుంది, కంట్రోలు ప్యానెల్‌పై పచ్చదీపం వెలుగుతుంది. ఇరుసు లోపల విరిగిపోయినా, రెక్క ఊడి అడుగున పడిపోయినా ఈ రెండూ మారవు. మోటారు నిక్షేపంగా తిరుగుతూనే ఉంటుంది. మ్యాన్‌హోల్ మూసి ఉన్న పాత్రలో ఏం జరుగుతోందో బయటివారికి తెలియదు.

ఈ లోపాన్ని పసిగట్టే ఉపాయాలు ఖరీదైనవేమీ కావు. రెక్క ద్రవాన్ని తోస్తున్నప్పుడు మోటారు తీసుకునే విద్యుత్తు ఒక స్థాయిలో ఉంటుంది. రెక్క ఊడిపోతే అది హఠాత్తుగా పడిపోతుంది. పదార్థం గడ్డకడుతుంటే పెరుగుతుంది. ఈ హెచ్చుతగ్గులను గమనించి గంట మోగించే పరికరం ఉంటే సగం ముప్పు తప్పినట్లే. ఇరుసుకు వేగం కొలిచే సెన్సర్ బిగిస్తే గేర్‌బాక్స్ చెడినా, కప్లింగ్ జారినా వెంటనే తెలుస్తుంది.

మెకానికల్ సీల్‌ది మరో కథ. దానికి చల్లదనాన్నీ జారుడునూ ఇచ్చే ద్రవం తగ్గితే సీల్ ఎండి అరిగిపోతుంది. ఇరుసు కాస్త వంగినా, బేరింగ్ అరిగినా అదే ఫలితం. ఆ సన్నని సందులోంచి ద్రావణి ఆవిరి షెడ్డులోకి వస్తుంది. టాలుయీన్ వంటి ద్రావణి 4 డిగ్రీల సెంటీగ్రేడ్ వద్దనే అంటుకోగల ఆవిరినిస్తుంది. ఈ తీరంలో వేసవి మధ్యాహ్నం ఉష్ణోగ్రత ఎంతో జిల్లావాసులకు తెలియనిది కాదు.

గాజు పూత పూసిన రియాక్టర్లలో ఇంకో అపాయం పొంచి ఉంది. విద్యుత్తును సరిగా ప్రసరింపజేయని ద్రావణిని, ముఖ్యంగా అందులో పొడి కలిసి ఉన్నప్పుడు, వేగంగా చిలికితే స్థిరవిద్యుత్తు పుడుతుంది. గాజు పూత దాన్ని భూమిలోకి పోనివ్వదు. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే పాత్రలో ద్రవానికి పైనున్న ఖాళీని నైట్రోజన్‌తో నింపి, గాలిలోని ఆక్సిజన్‌ను బయటకు పంపి, ఆ తర్వాతే ఎజిటేటర్‌ను తిప్పాలి. గాజు పూత ఎక్కడైనా పెచ్చు ఊడితే లోపలి ఉక్కును ఆమ్లం తినేస్తుంది. సెకండ్‌హ్యాండ్ రియాక్టర్‌ను చవకగా తెచ్చి, పూతను స్పార్క్ పరీక్షతో సరిచూడకుండానే బిగిస్తే ఆదా అయిన సొమ్ముకు పదింతలు తర్వాత చెల్లించవలసి వస్తుంది.

పాత్రలోకి మనిషి దిగితే..

ప్రమాదం పేలుడు రూపంలోనే రానక్కరలేదు. ఒక ఉత్పత్తి పూర్తయ్యాక రియాక్టర్‌ను కడగడానికి మనుషులను లోపలికి దించుతారు. లోపల ప్రాణవాయువు లేకపోవడం ఒక అపాయం. కిందనున్నవారి సంగతి తెలియక పైనెవరో ఎజిటేటర్ స్విచ్ వేయడం రెండో అపాయం. మీటరుకు పైగా పొడవున్న ఉక్కు రెక్క ఆ ఇరుకులో తిరగడం మొదలైతే తప్పించుకునే చోటుండదు.

స్విచ్ దగ్గర ఎవరినైనా నిలబెట్టామంటే చాలదు. మోటారుకు విద్యుత్తు చేరే మార్గాన్నే తెంచి, ఆ ప్యానెల్‌కు తాళం వేసి, తాళంచెవిని లోపలికి దిగే కార్మికుడి జేబులోనే ఉంచాలన్నది భద్రతా సూత్రం. ముగ్గురు దిగితే మూడు తాళాలు. రాతపూర్వక పర్మిట్, గాలి పరీక్ష, బయట కాపలా మనిషి, నడుముకు తాడు.. ఇవేవీ కొత్త సంగతులు కావు. తాళం విలువ వందల రూపాయల్లోనే. వేగంగా పని ముగించాలన్న తొందర, శిక్షణ లేని దినకూలీలతో శుభ్రం చేయించే అలవాటు ఈ కనీస జాగ్రత్తను మింగేస్తున్నాయి.

చట్టం ఉంది.. ఆచరణే ప్రశ్న

1984 భోపాల్ విషాదం తర్వాత ఫ్యాక్టరీల చట్టాన్ని 1987లో సవరించి, ప్రమాదకర ప్రక్రియలకు ప్రత్యేక అధ్యాయం చేర్చారు. ఏ రసాయనం వల్ల ఏ ముప్పు ఉందో కార్మికులకూ చుట్టుపక్కల ప్రజలకూ తెలపడం యాజమాన్యం విధి అయింది. ఆసన్న ప్రమాదం గురించి హెచ్చరించే హక్కు కార్మికుడికి లభించింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతి ఆ పాత చట్టం స్థానాన్ని తీసుకుంది. ప్రమాదకర రసాయనాల నిల్వపై 1989 నిబంధనలు, ప్రమాదాలను ఎదుర్కొనే సన్నద్ధతపై 1996 నిబంధనలు కూడా ఉన్నాయి. 1996 నిబంధనల ప్రకారం జిల్లా స్థాయిలో కలెక్టర్ అధ్యక్షతన సంక్షోభ నివారణ బృందం ఉండాలి, 45 రోజులకోసారి సమావేశం కావాలి.

కాగితంపై కొరత లేదు. ఆ సమావేశాల ఎజెండాలో చోటుచేసుకోవలసిన ప్రశ్నలు ఏమిటన్నదే ముఖ్యం. కరెంటు పోతే ఎజిటేటర్‌ను డీజిల్ జనరేటర్ ఎన్ని సెకన్లలో అందుకుంటుంది? అది కూడా విఫలమైతే పాత్ర అడుగు నుంచి నైట్రోజన్ ఊది ద్రవాన్ని కదిలించే ఏర్పాటుందా? చర్య అదుపు తప్పితే ద్రవాన్ని చల్లని నీరున్న డంప్ ట్యాంకులోకి దించే మార్గముందా? గొట్టాల అమరికలో గానీ, రెక్కల్లో గానీ మార్పు చేసినప్పుడు దాని పర్యవసానాలను ఎవరు పరిశీలించి సంతకం చేశారు? విశాఖ ట్యాంకు విషయంలో ఈ చివరి ప్రశ్నను 2019 డిసెంబరులోనే గట్టిగా అడిగి ఉంటే కథ మరోలా ఉండేది.

ఖర్చు కాదు.. పెట్టుబడి

ఇవన్నీ పెద్ద సంస్థలకే సాధ్యమని, చిన్న యూనిట్లు ఈ భారాన్ని మోయలేవని వినిపించే వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. పోటీ మార్కెట్‌లో కిలోకు రూపాయి తేడాతో ఆర్డర్లు చేజారే పరిస్థితి ఉన్నమాట వాస్తవం. అయితే ఎజిటేటర్ విషయంలో భద్రత, లాభం పరస్పరం శత్రువులు కావు. సరిగా కలవని చోట అవాంఛిత ఉపపదార్థాలు పుడతాయి. మందు స్ఫటికాలు ఒక్కో బ్యాచ్‌లో ఒక్కో పరిమాణంలో వస్తాయి. వడపోతకు, ఆరబెట్టడానికి పట్టే సమయం పెరుగుతుంది. నాణ్యత పరీక్షలో తప్పిన బ్యాచ్‌ను తిరిగి శుద్ధి చేయాలి, లేదా పారబోయాలి. పారబోసిన ద్రావణి శుద్ధికి మళ్లీ ఖర్చు. రెక్క సరైనదైతే ఈ నష్టాల్లో అధిక భాగం ఆదా అవుతుంది. ఇంటర్‌లాక్‌కు, సెన్సర్‌కు వెచ్చించేది ఒక బ్యాచ్ చెడితే పోయేదాని ముందు స్వల్పమే.

నైపుణ్యం మాట కూడా ఆలోచించాలి. ఎజిటేటర్ శబ్దంలో చిన్న మార్పు వచ్చినా పసిగట్టగల ఆపరేటర్ పుస్తకాలతో తయారు కాడు, ఏళ్ల అనుభవంతో తయారవుతాడు. నెలకొకరు చొప్పున మారిపోయే కాంట్రాక్టు సిబ్బందితో ఆ అనుభవం కూడదు. జిల్లాలోని ఐటీఐలు, పాలిటెక్నిక్‌ల విద్యార్థులకు రియాక్టర్, ఎజిటేటర్, సీల్ నిర్వహణపై కర్మాగారాల్లోనే శిక్షణ ఇప్పించగలిగితే స్థానిక యువతకు ఉపాధి, పరిశ్రమకు భద్రత రెండూ సమకూరుతాయి.

నక్కపల్లి పార్కులో పైపులు, పునాదులు ఒకసారి పడ్డాక మార్పులు చేయడం కష్టం, వ్యయం కూడా అధికం. ప్రతి యూనిట్ రియాక్టర్ నమూనాలను ఆమోదించే దశలోనే ఎజిటేటర్ లెక్కలు, ప్రత్యామ్నాయ విద్యుత్తు, ఇంటర్‌లాక్‌లను తప్పనిసరి షరతులుగా చేర్చితే అదనపు భారం నామమాత్రమే. ఆ తర్వాత చేర్చాలంటే ఏదో ఒక ప్రమాదం జరిగి, కమిటీ వేసి, నివేదిక వచ్చేదాకా ఎదురుచూడవలసి వస్తుంది. పరవాడ, అచ్యుతాపురం, వెంకటాపురం పల్లెలు ఆ మూల్యాన్ని ఇప్పటికే చెల్లించాయి. నక్కపల్లి తీరంలోని మత్స్యకార గ్రామాలు కూడా చెల్లించాలా వద్దా అన్నది ఆమోదముద్ర వేసే అధికారుల చేతుల్లో, స్విచ్ దగ్గర నిలబడే ఆపరేటర్‌కు యాజమాన్యం ఇచ్చే శిక్షణలో ఉంది.